ఆయుధం ఎవరి చేతిలో?

ప్రజల చేతిలో ఆయుధాలు ఉండవచ్చునా, ఉండరాదా? ఈ ప్రశ్న వేస్తే రాజకీయ నాయకుడు తప్పకుండా ఒక సిద్ధాంతం చెబుతాడు. ఉండవచ్చునని అనదలిస్తే స్వేచ్ఛ పేరెత్తుతాడు. ఉండరాదని అనదలిస్తే శాంతి పేరెత్తుతాడు. రెండూ మంచి మాటలే. కాని చరిత్రలో ఈ ప్రశ్న ఇంత శుద్ధంగా ఎన్నడూ రాలేదు. ఎప్పుడు వచ్చినా దాని వెనుక మరొక ప్రశ్న నక్కి ఉంటుంది: ఏ ప్రజల చేతిలో? నాయకుడు నిజంగా జవాబు చెప్పేది ఈ రెండో ప్రశ్నకు. మనకు వినిపించేది మాత్రం మొదటిదానికి జవాబులాగా.

ఈ వ్యాసంలో నేను రెండు విషయాలు చెప్పదలిచాను. ఆయుధాల విషయంలో పాలకుల సిద్ధాంతాలు చేతిని బట్టి మారుతాయన్నది ఒకటి. ఆ కపటాన్ని బయటపెట్టినంత మాత్రాన తుపాకి హక్కు కోరేవారి వాదం నెగ్గదన్నది రెండోది. మొదటిది చూపడం సులువు. రెండోదే కష్టం. మనలో చాలామంది మొదటిదానితో తృప్తిపడి అక్కడే ఆగిపోతున్నారు గనుక రెండోది చెప్పవలసిన అవసరం ఎక్కువగా ఉంది.

తుపాకిని హక్కుగా రాజ్యాంగంలో రాసుకున్న దేశం అమెరికా. 1791లో చేరిన రెండో సవరణ ఆయుధాలు కలిగి ఉండడానికి, ధరించడానికి ప్రజలకు హక్కు ఉన్నదంటుంది. ఆ ప్రజలలో బానిసలు లేరు. బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం ఒక చట్టం చేసి, విముక్తుడైన నల్లవాడు అధికారుల లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదన్నది. 1873లో లూసియానాలోని కోల్ఫాక్స్ అనే ఊళ్ళో సాయుధులైన తెల్లవారు పదుల సంఖ్యలో నల్లవారిని చంపారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రెండో సవరణ కేంద్ర ప్రభుత్వం చేతులు మాత్రమే కట్టివేస్తుందనీ, ఒక పౌరుడి ఆయుధాన్ని మరొక పౌరుడు గుంజుకుంటే దానితో తమకు నిమిత్తం లేదనీ 1876లో కోర్టు తేల్చింది. శిక్షలు రద్దయినాయి. హక్కు రాజ్యాంగంలో భద్రంగానే ఉన్నది. అది ఎవరికి అవసరమో వారికి మాత్రం అక్కరకు రాలేదు.

1956లో మాంట్‌గొమరీ పట్టణంలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిమీద బాంబు వేశారు. ఆయన ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇవ్వలేదు. అహింసకు పేరుపొందిన మనిషి తుపాకి అడగడమేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యం కలిగించేది అది కాదు. బాంబు పడిన ఇంటివాడి ప్రాణానికి ముప్పు ఉన్నదని నమ్మలేకపోయిన ఆ అధికారుల మనస్తత్వం.

ఇక 1967 సంగతి. కాలిఫోర్నియాలోని ఓక్లండులో బ్లాక్ పాంథర్ పార్టీ యువకులు గుండ్లు నింపిన తుపాకులు బాహాటంగా పట్టుకుని పోలీసుల వెంట తిరిగేవారు. నల్లవారిని పోలీసులు ఆపినప్పుడు దూరంగా నిలబడి చూసేవారు. ఆనాటి చట్టం ప్రకారం అది నేరం కాదు. దాన్ని నేరం చేయడానికి డాన్ మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడు బిల్లు తెచ్చాడు. మే 2న పాంథర్లు తుపాకులతోనే రాష్ట్ర శాసనసభా భవనానికి వెళ్ళి నిరసన తెలిపారు. దానితో బిల్లు మరింత త్వరగా చట్టమయింది. సంతకం పెట్టిన గవర్నరు రోనాల్డ్ రీగన్. పౌరుడు గుండ్లు నింపిన తుపాకితో వీధిలో తిరగవలసిన అవసరం తనకు కనిపించడం లేదనే అర్థం వచ్చేలా ఆయన ఆనాడు మాట్లాడాడు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆ చట్టానికి అడ్డు నిలవలేదు. 1980లో అదే అసోసియేషన్ తన చరిత్రలో మొట్టమొదటిసారిగా అధ్యక్ష పదవికి ఒక అభ్యర్థిని బలపరచింది. ఆ అభ్యర్థి రీగనే. తుపాకి యజమానుల రక్షణ పేరిట చేసిన చట్టంమీద 1986లో సంతకం చేసినదీ ఆయనే.

మరొక్క ఉదాహరణ చాలు. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో ఒకడు 19 మంది పిల్లల్నీ, ఇద్దరు ఉపాధ్యాయుల్నీ కాల్చి చంపాడు. మూడు రోజులకు అదే రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో ఆ అసోసియేషన్ మహాసభ జరిగింది. మాజీ అధ్యక్షుడు ట్రంప్ వచ్చి, బడులకు సాయుధ రక్షణ ఉండాలనీ, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల్ని తుపాకి ధరించనివ్వాలనీ ఉపన్యసించాడు. ఆయన మాట్లాడిన ఆ సభామందిరంలోకి మాత్రం ఎవరూ తుపాకి తీసుకురాకూడదని ముందే కట్టడి చేశారు. సాయుధుడైన మంచివాడు పక్కన ఉంటే భయం లేదన్నది వారి సిద్ధాంతం. వేలాదిమంది మంచివారి మధ్య నిలబడిన నాయకుడికి ఆ సిద్ధాంతం మీద ఎంత నమ్మకమున్నదో ఆ తలుపు దగ్గర తెలిసిపోయింది.

ఇదంతా అమెరికా పెట్టుబడిదారీ సమాజపు రోగమనీ, మనకు అంటదనీ అనుకుంటే పొరపాటు. తుపాకి హక్కు కోసం మన దేశంలో కూడా పెద్ద ఆందోళన జరిగింది. చేసినది సాక్షాత్తూ కాంగ్రెసు.

లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టివేసిన చట్టం కూడా అదే సంవత్సరానిది. ఒకటి మాటను అణచడానికి, రెండోది చేతిని అణచడానికి. లైసెన్సు లేనిదే ఆయుధం ఉండరాదన్న ఆ నియమం అందరికీ వర్తించి ఉంటే కనీసం సమానమైన నియమం అనిపించుకునేది. ఐరోపావారికి మినహాయింపు ఇచ్చారు. రాజులకూ, బిరుదులున్న కొందరు పెద్దలకూ ఇచ్చారు. అడవిపంది చేలో పడితే రైతు డప్పు కొట్టుకోవాలి. దొర మాత్రం సరదాకు వేటాడవచ్చు. అందుకే కాంగ్రెసు తన తొలి మహాసభలలోనే ఈ చట్టాన్ని సడలించాలని తీర్మానించింది. ఒక జాతిని మొత్తంగా నిరాయుధం చేయడం బ్రిటిషువారి దుష్కార్యాలన్నిటిలోకీ చీకటిదని 1918లో సైనికుల్ని చేర్చుకునేటప్పుడు రాసినవాడు గాంధీ. 1930 జనవరిలో ఆయన ప్రభుత్వం ముందు పెట్టిన 11 కోరికలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వడం, వాటిపై ప్రజల అదుపు ఉండడం ఒకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధాలు కలిగి ఉండే హక్కు స్పష్టంగా ఉన్నది.

మనకు కోరిక మాత్రమే తెలుసుననుకోకండి. దానికి బదులు చర్య తెలిసినవాడు కూడా మన నేలమీద ఉన్నాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద వరుసగా దాడిచేసి తీసుకుపోయినవి డబ్బూ దస్కమూ కాదు, తుపాకులూ తూటాలూ. మన్యంలో లైసెన్సు అడగడమంటే ఏమిటో ఆ గిరిజనులకు బాగా తెలుసు.

సరే, స్వాతంత్ర్యం వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో స్వేచ్ఛల గురించిన అధికరణం చర్చకు వచ్చినప్పుడు హెచ్. వి. కామత్ లేచి, ఆయుధాలు ధరించే హక్కును కూడా చేర్చాలని సవరణ ప్రతిపాదించాడు. ఆయన కొత్తగా కనిపెట్టినదేమీ లేదు. కరాచీలో చేసిన తీర్మానాన్నే గుర్తుచేశాడు. సవరణ వీగిపోయింది. చివరకు రాజ్యాంగంలో ఆయుధాల ప్రస్తావన మరొక రూపంలో మిగిలింది: పౌరులు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావచ్చును.

అదే డిసెంబరులో తెలంగాణాలో ఏం జరుగుతున్నదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినప్పుడు ఊరేగింపుగా వచ్చిన రైతుల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. దొర గడీలో తుపాకి ఉన్నందుకు ఏ సర్కారూ అభ్యంతరం చెప్పలేదు. రజాకార్ల చేతిలోని ఆయుధాలు నిజాం పోలీసుల కంట పడలేదు. రైతు చేతిలోకి తుపాకి వచ్చినప్పుడే శాంతిభద్రతల ప్రశ్న వచ్చింది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి రజాకార్లను అణచింది. ఆ తర్వాత అదే సైన్యం గ్రామాలమీదికి, అడవులమీదికి తిరిగింది. పారిపోయిన దొరలు తిరిగివచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ వేట సాగింది.

1878 చట్టాన్ని తీసివేసి 1959లో మన ప్రభుత్వం కొత్త ఆయుధాల చట్టం చేసింది. జాతి వివక్ష పోయింది. లైసెన్సు ఉండనే ఉన్నది. ఎవరికి మినహాయింపు ఇవ్వాలో నిర్ణయించే అధికారం కూడా ప్రభుత్వం చేతిలో ఉండనే ఉన్నది. కొడగు ప్రాంతంలో కొడవ కులంలో పుట్టినవారికీ, అక్కడి జమ్మా భూముల హక్కుదార్లకూ బ్రిటిషు కాలంనుంచి ఉన్న మినహాయింపును 2019లో మరో పదేళ్ళు పొడిగించారు. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, మామూలు లైసెన్సుదారు వద్ద మూడుకు బదులు రెండు తుపాకులే ఉండవచ్చునన్నారు. పుట్టుకను బట్టి వచ్చే తుపాకిని ఒక చేత్తో నిలుపుతూ, మరో చేత్తో తుపాకులు తగ్గిస్తున్నామని చెప్పుకున్నారు.

ప్రభుత్వమే పిలిచి తుపాకి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైనప్పుడు చదువూ శిక్షణా అంతంతమాత్రమైన ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసులని పేరుపెట్టి, కొద్దిపాటి జీతంమీద, వారి ఊళ్ళవారిమీదికే ఉసిగొల్పారు. ఆ హింసకు తాళలేక పారిపోయి వచ్చిన కుటుంబాలు ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఒక న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం, ఇది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. లైసెన్సు లేని తుపాకి ఉన్నందుకు ఆదివాసీని జైలులో పెట్టే రాజ్యం, తనకు కావలసినప్పుడు అదే ఆదివాసీ చేతికి తుపాకి ఇచ్చి పంపగలదు. 2025 మేలో అస్సాం మంత్రివర్గం కొన్ని జిల్లాలలో ‘మూలవాసుల’కు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలని నిర్ణయించింది. పక్కింటివాడు, మూలవాసి కాదని సర్కారు తలచినవాడు, అదే భయంతో అదే దరఖాస్తు పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన నియమం ఒకటి మన చట్టాలలోనే ఉన్నది. షెడ్యూల్డు కులాలు, తెగలమీద అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల ప్రకారం, అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం ఇతరుల ఆయుధ లైసెన్సులు రద్దుచేయవచ్చు. అవసరమనుకుంటే దళితులకూ గిరిజనులకూ లైసెన్సులు ఇవ్వవచ్చు. అంటే బలవంతుడి చేతిలోనుంచి తీసి బలహీనుడికి ఇవ్వడం. కాగితంమీద దీనికంటె న్యాయమైన నియమం ఉండదు. 1997 డిసెంబరులో బీహారులోని లక్ష్మణ్‌పూర్ బాతేలో రణవీర్ సేన అనే భూస్వాముల ప్రైవేటు సైన్యం 58 మంది దళితుల్ని చంపేనాటికి ఈ నియమం వచ్చి రెండేళ్ళయింది.

ఇంతవరకూ చెప్పినది కపటం సంగతి. ఇప్పుడు ఒక మాట జాగ్రత్తగా ఆలోచించాలి. అభిప్రాయం మారడం కపటమా? కాదు. రీగన్ 1981లో తానే తుపాకి గుండు తిన్నాడు. పదేళ్ళ తర్వాత, పిస్తోలు కొనేవాడికి కొన్నాళ్ళు గడువు పెట్టే బిల్లును బలపరిచాడు. అనుభవంవల్ల మారినవాణ్ణి కపటి అనడం న్యాయం కాదు. అలాగే కామత్ సవరణకు రాజ్యాంగ పరిషత్తులో అంబేడ్కర్ చెప్పిన సమాధానం కూడా కపటం కాదు. ఆయుధం చట్టం నియంత్రించవలసిన విషయమే గాని ఎవరికిబడితే వారికి ప్రాథమిక హక్కుగా ఇవ్వదగినది కాదన్నది ఆయన వాదం. ఊళ్ళో ఎవరి చేతికి ముందు తుపాకి వస్తుందో అంటరానివాడుగా పెరిగిన మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు.

కపటానికి గుర్తు మాట మారడం కాదు. తాను చేసిన నియమంలోనుంచి తనను తాను తప్పించుకోవడం. మల్ఫర్డ్ చట్టం చెడ్డది కాకపోవచ్చు. వీధుల్లో గుండ్లు నింపిన తుపాకులు తిరగకపోవడమే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ మంచి, నల్లవాడు తుపాకి పట్టేదాకా ఆ నాయకులకు తోచలేదు. మన చట్టసభల సభ్యులూ అంతే. ప్రజలు నిరాయుధంగా ఉండాలని చట్టం చేస్తారు, తాము గన్‌మెన్ లేనిదే గడప దాటరు. గన్‌మన్ ప్రాణరక్షణకన్నా హోదాకు గుర్తయినాడు. వెంట ఎంతమంది ఉంటే అంత పెద్ద నాయకుడు. ప్రమాదం తగ్గిందని ఒకరిని తీసివేస్తే, తన ప్రాణానికి ముప్పు అని కాదు, తనకు అవమానం జరిగిందని అలుగుతారు. ఆ గన్‌మన్ జీతం, తుపాకి తనకు లేని మనిషి కట్టే పన్నులోనుంచి వస్తుంది.

తుపాకి హక్కు కోరేవారు సరిగ్గా ఇక్కడ మనల్ని పట్టుకుంటారు. ‘నాయకుడికి తుపాకి కాపలా ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు? రాజ్యం నిన్ను కాపాడదని నువ్వే చెబుతున్నావు గదా, మరి నన్ను నేను కాపాడుకోనీ’ అంటారు. ఈ వాదానికి ఎంతో బలమున్నట్టు కనిపిస్తుంది. మార్క్స్ 1850లోనే, కార్మికులు ఏ నెపంతోనూ ఆయుధాలు అప్పగించరాదన్నాడని గుర్తుచేసేవారు కూడా ఉన్నారు.

కాని నాయకుడు కపటి అని రుజువు కావడంవల్ల అతడు చెప్పినది అబద్ధమని రుజువు కాదు. తాగుబోతు వైద్యుడు సారాయి మానమంటే సారాయి మంచిదైపోదు. తుపాకి ఇంటికి భద్రత తెస్తుందా అన్నది విడిగా చూడవలసిన సంగతి. తుపాకి హక్కు పూర్తిగా అనుభవిస్తున్న అమెరికాలో 2021లో తుపాకి గుండువల్ల 48 వేలమందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి మించి, 26 వేలకు పైగా, తమను తాము కాల్చుకున్నవారు. దొంగ వస్తాడని కొన్న తుపాకి, దొంగ రాని రాత్రి, బతుకుమీద విరక్తి పుట్టిన ఇంటివాడి చేతికే అందింది. 2020నుంచి ఆ దేశంలో 1 నుంచి 19 ఏళ్ళ వయసు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకే. ఇక తుపాకి ప్రభుత్వపు దౌర్జన్యాన్ని ఆపుతుందంటారా? 2016లో మిన్నెసోటాలో లైసెన్సు ఉన్న నల్లజాతి యువకుడొకడు తన దగ్గర తుపాకి ఉన్నదని మర్యాదగా పోలీసుకు చెప్పాడు. చెప్పిన కొన్ని క్షణాలకే పోలీసు కాల్చి చంపాడు. హక్కు ఉన్నది, లైసెన్సు ఉన్నది, తుపాకి ఉన్నది. లేనిది సమానత్వం.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఊళ్ళో పోలీసులుండగానే ఎనిమిదిమంది దళితుల్ని పొలాలలో వెంటాడి చంపారు. గొడ్డళ్ళు, ఇనపరాడ్లు, కత్తులు. వీటికి ఏ లైసెన్సూ అక్కరలేదు. చంపినవారి బలం ఆయుధంలో లేదు. భూమిలో, కులంలో, తమకేమీ కాదన్న ధీమాలో ఉన్నది. బతికినవారు తుపాకులు అడగలేదు. నేరం జరిగిన ఊళ్ళోనే కోర్టు పెట్టమని అడిగి, పోరాడి సాధించారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలింది. అన్యాయం జరిగింది నిజమే. అయినా ఇంటికో తుపాకి ఇచ్చి ఉంటే న్యాయం జరిగేదని నేను అనలేను. కొనగలిగినవాడికి పది వస్తాయి, కొనలేనివాడికి ఒకటి వస్తుంది. అంగడిలో దొరికే హక్కు ఎప్పుడూ డబ్బున్నవాడివైపే మొగ్గుతుంది.

మనవారి చరిత్ర కూడా ఈ కొలబద్దకు అతీతం కాదు. ప్రజలు సాయుధులు కావాలన్న విప్లవమే 1918 డిసెంబరులో ప్రజలందరూ ఆయుధాలు అప్పగించాలని శాసనం చేసి, పార్టీ సభ్యులకు మినహాయింపు ఇచ్చింది. అంతర్యుద్ధపు ఇక్కట్లు నాకు తెలియనివి కావు. అయినా మినహాయింపు మినహాయింపే. అవతలివాడిలో కనిపిస్తే కపటమనీ, మనవాడిలో కనిపిస్తే చారిత్రకావసరమనీ అనేవాడికి కపటాన్ని విమర్శించే అర్హత లేదు.

తెలంగాణా రైతు పట్టిన తుపాకిని నేను తప్పుపట్టను. కాని దాన్ని అమెరికా తుపాకి హక్కుతో కలిపి మాట్లాడేవారితో ఏకీభవించను. అది ఇంటి గోడకు వేలాడే సొంత ఆస్తి కాదు. సంఘం నిర్ణయించి దళానికి అప్పగించినది. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు దించాలో జనం ముందు జవాబు చెప్పవలసినది. దాని వెనుక వెట్టి రద్దు, భూమి పంపకం ఉన్నాయి. ఆ పని లేకపోతే ఆ తుపాకి కూడా మరొక గడీ తుపాకే అయ్యేది.

కనుక ప్రజలకు ఆయుధాలు ఉండవచ్చునా అని అడిగేవారికి నా జవాబు ఇది. నిరాయుధీకరణ కావాలి. కాని అది పైనుంచి మొదలుకావాలి. ఏ జిల్లాలో ఎవరికి ఎన్ని లైసెన్సులున్నాయో, ఎందుకిచ్చారో ప్రజలకు తెలియాలి. పుట్టుకతో వచ్చే మినహాయింపులు పోవాలి. భూస్వాముల సేనలనుంచీ, ప్రభుత్వం పెంచే తాబేదారు సేనలనుంచీ ముందు తీసుకోవాలి. పోలీసు పేల్చిన ప్రతి తూటాకూ, పోలీసులు కానివారి ముందు లెక్క చెప్పాలి. హోదా కోసం నిలబెట్టిన గన్‌మెన్‌ను ఠాణాలకు పంపి, దళితవాడలో రాత్రి భయపడేవారి దగ్గర కాపలా పెట్టాలి. 1995 నాటి నియమాన్ని కలెక్టర్లు ఎక్కడ, ఎన్నిసార్లు అమలుచేశారో శాసనసభలో అడగాలి.

ఇవన్నీ జరిగాక కూడా ఏ రైతో, ఏ ఆదివాసీయో తన దగ్గరున్న నాటుతుపాకి దాచుకుంటే, అప్పుడు అతణ్ణి శాంతి పేరిట నిలదీసే హక్కు మనకుంటుంది. అంతవరకూ నాయకుడు శాంతి అన్నప్పుడల్లా మనం అడగవలసింది ఒక్కటే: మొదట ఎవరి తుపాకి ఠాణాలో అప్పగిస్తున్నారు?